మేడ మీద మేసర్ పట్టే ముందు జాగ్రత్తలు

నవంబర్ మొదట్లో శర్మిష్ఠ నక్షత్ర మండలంలోని డబ్ల్యూ3 ఓహెచ్ (కొత్త నక్షత్రాలు పుట్టే చోటు) అర్ధరాత్రికి బాగా పైకొస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం మేడల మీద పెద్ద డిష్ పెట్టి దాని మిథనాల్ మేసర్‌ను (అక్కడి మిథనాల్ వాయువు లేజర్‌లా పెంచి పంపే రేడియో తరంగాలను) పట్టాలనుకునేవాళ్లు ఇవి ముందే చూసుకోండి.

• డాప్లర్ లెక్క (వేగం వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం): మేసర్ అసలు గీత, అంటే అది వినిపించే ఫ్రీక్వెన్సీ, 12,178.6 మెగాహెర్ట్జ్. వేగంలో సెకనుకు 1 కిలోమీటరు తేడా వస్తే అది దాదాపు 40 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. భూమి తిరిగే వేగం, మూలం వేగం రెండూ కలిపి ఆ రాత్రికి లెక్క వేయకపోతే తెల్లవార్లూ ఖాళీ చోటే రికార్డవుతుంది. ఎంత బాధో!

• ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే, సిగ్నల్ అందుకునే పెట్టె): వేడికీ చలికీ దాని ఫ్రీక్వెన్సీ జారుతుంది. గంట ముందే ఆన్ చేయండి.

• ఉత్తరం: మూలం ఉత్తరం వైపు దాదాపు 46 డిగ్రీలు మించి లేవదు. కొబ్బరిచెట్లు అడ్డమైతే వేరే మేడ చూసుకోండి.

• పక్క ఆకాశాన్నీ అంతసేపే రికార్డ్ చేయండి. అది తీసేస్తేనే గీత తేలుతుంది.

• తుఫాను: 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక రాగానే డిష్ దింపేయండి, తాళ్లను నమ్మొద్దు.