ఇరవయ్యో తారీఖుకే జేబు ఖాళీ: హాస్టల్ విద్యార్థుల డబ్బు సమస్యలు, పరిష్కారాలు

ఇంటి నుంచి నెలకు ఆరేడు వేలు తెప్పించుకుని హాస్టల్లోనో, నలుగురు కలిసి తీసుకున్న రూమ్‌లోనో ఉంటూ చదువుకునేవాళ్ల కోసం ఇది. నా ఉద్దేశంలో చాలామందికి అసలు చిక్కు డబ్బు తక్కువై కాదు, వచ్చే తారీఖుకీ పోయే తారీఖుకీ పొంతన లేక.

సమస్య: పెద్దగా ఏమీ కొనలేదు, అయినా డబ్బులు లేవు

ఫోన్‌పేనో గూగుల్ పేనో తెరిచి పోయిన నెల హిస్టరీ మొత్తం చూడండి. టీ 15, బజ్జీలు 30, జిరాక్స్ 12, రాత్రి పదింటికి ఎగ్ నూడుల్స్ 80... ఇలాంటివే వరసగా కనిపిస్తాయి. రోజుకు 80 రూపాయలు వేసుకున్నా నెలకు 2,400.

ఇది చూడగానే చాలామంది సాయంత్రం తినడం మానేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒంటిగంటకు మెస్‌లో తిన్నవాళ్లకు ఆరింటికి ఆకలి వేయడం మామూలే, ఆ ఖర్చును లెక్కలో పెట్టుకోవాలి గానీ లేనట్టు వదిలేయకూడదు. డబ్బు పడిన రోజే మెస్ బిల్లు, అద్దె, రీచార్జ్ కట్టేసి, మిగిలినదాన్ని వారాలకు పంచండి. 2,800 మిగిలితే వారానికి సుమారు 650. ఆ 650ని ప్రతి సోమవారం యూపీఐ లైట్‌లో, అంటే అదే యాప్‌లో పిన్ లేకుండా చిన్న చెల్లింపులు చేసుకునే పర్సులో, వేసుకుని (అందులో 5,000 దాకా ఉంచుకోవచ్చు, ఒక్కోసారి 1,000 దాకా చెల్లించవచ్చు) చిల్లర ఖర్చంతా అక్కడి నుంచే చేయండి. ఆటో టాప్‌అప్ మాత్రం ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే అయిపోయినప్పుడల్లా అదే నింపుకుంటుంది, మనకు తెలియదు. ఒక్కో చెల్లింపూ బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో విడిగా రాదు కాబట్టి లెక్క యాప్‌లోనే చూసుకోవాలి.

సమస్య: పరీక్ష ఫీజు వచ్చిన ప్రతిసారీ అప్పు

కారణం, ఏడాదికి రెండుసార్లే వచ్చే ఖర్చును నెల ఖర్చులో కలపకపోవడం. ఉదాహరణకు రెండు సెమిస్టర్ల పరీక్ష ఫీజు 3,000, దసరాకీ సంక్రాంతికీ ఊరెళ్లి రావడానికి 2,400, రికార్డులు, ప్రాజెక్ట్ ప్రింట్లు 1,200 అనుకుందాం. మొత్తం 6,600, అంటే నెలకు 550. ఆ 550ని యూపీఐకి లింక్ చేయని వేరే అకౌంట్‌లోకి పంపేయండి. పండక్కి ఊరెళ్లేముందు మెస్‌లో చెప్పి వెళ్లండి, చాలా హాస్టళ్లలో ముందే రాసిస్తేనే ఆ రోజుల డబ్బు తగ్గిస్తారు.

సమస్య: అకౌంట్‌లోంచి తెలియకుండా డబ్బు కట్ అవుతోంది

యాప్‌లో ఆటోపే విభాగం చూడండి, ఎప్పుడో ఒక్క రూపాయి ట్రయల్ అని ఒప్పుకున్న ఓటీటీ అక్కడ ఉంటుంది. రద్దు చేయండి. అది కాకపోతే మినిమం బ్యాలెన్స్ జరిమానా అయి ఉండొచ్చు. స్టేట్ బ్యాంక్ సేవింగ్స్ ఖాతాలకు దాన్ని 2020లోనే తీసేసింది, వేరే బ్యాంక్ అయితే జీరో బ్యాలెన్స్ బేసిక్ సేవింగ్స్ ఖాతాకు మార్చమని అడగండి.

సమస్య: స్కాలర్‌షిప్ శాంక్షన్ అయింది, ఖాతాలో పడలేదు

డబ్బు ఇంకా విడుదల కాకపోయి ఉండొచ్చు, అందుకే చేతికి వచ్చేదాకా దాన్ని నమ్మి ఎవరికీ మాట ఇవ్వకండి. విడుదలైనా రాకపోతే ఆధార్ సీడింగ్ చూడండి, అంటే ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ ఖాతాలో పడాలో ముడిపెట్టడం. కేవైసీకి ఆధార్ ఇచ్చినంత మాత్రాన సీడింగ్ అయినట్టు కాదు. ఆధార్ మీద వచ్చే డబ్బు చివరగా సీడ్ అయిన ఖాతాకే వెళ్తుంది, అది ఇంటర్‌లో తెరిచి వదిలేసిన ఖాతా కావచ్చు. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసి, తప్పుంటే బ్రాంచ్‌కి వెళ్లి ఫారం ఇవ్వండి.

సమస్య: లోన్ యాప్‌లో ఇరుక్కున్నాం

నాకు అన్నిటికంటే భయం దీని గురించే. 3,000 అప్పు అంటారు, ఫీజు పట్టుకుని 2,300 వేస్తారు, వారం తిరిగేసరికి 3,000 కట్టమంటారు. అంటే 2,300కి ఏడు రోజుల్లో 700. అది తీర్చడానికి ఇంకో యాప్, దానికి మరొకటి. ఫోన్ కాంటాక్ట్‌లు, ఫొటోలు అడిగే లోన్ యాప్ రిజర్వ్ బ్యాంక్ నిబంధనలకు విరుద్ధంగా నడుస్తున్నట్టే, దాని జోలికి వెళ్లొద్దు.

ఇప్పటికే తీసుకుని ఉంటే ఇంకో అప్పుతో దాన్ని తీర్చకండి. ఇంట్లో చెప్పండి, అమ్మకు చెప్పలేకపోతే అక్కకో బాబాయికో చెప్పండి, తిట్లు ఒక పూటతో పోతాయి. బెదిరింపులు వస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మెసేజ్‌లు, కాల్ లిస్ట్, డబ్బు పడిన వివరం అన్నీ స్క్రీన్‌షాట్లు తీసుకోండి, యాప్ డిలీట్ చేయడం ఆ తర్వాతే.