వ్యోమనౌక పటం చదవడం, 3వ పాఠం: తిరిగి వచ్చే గది

గత పాఠంలో గ్రాఫు కాగితంపై రష్యా వ్యోమనౌక సోయుజ్ పొడవు గీశాం. దాదాపు 7.5 మీటర్లు, ఇరవయ్యో వంతు కొలతలో 37.5 సెంటీమీటర్లు. ముందు గుండ్రని కక్ష్యా మాడ్యూల్, వెనుక ఇంజను, ఇంధనం ఉండే సేవా మాడ్యూల్. ఆ రెండూ లేత గీతలతోనే ఉండనివ్వండి. నడుమనున్న అవరోహణ మాడ్యూలే, అంటే మనుషులతో భూమికి తిరిగి దిగే గదే, నేటి పాఠం.

దాని వ్యాసం 2.2 మీటర్లు, ఎత్తు 2.1 మీటర్లు. కాగితం మీద 11, 10.5 సెంటీమీటర్లు. అడుగు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నబడేలా గంట ఆకారం గీయండి. ఇప్పుడు మన చిత్తూరు మామిడిపళ్ల పెట్టె అట్టతో 8.5 సెంటీమీటర్ల మనుషులను ముగ్గురిని కత్తిరించి, మోకాళ్లు ఛాతీవైపు ముడిచి, పక్కపక్కన పడుకోబెట్టండి. ఆ ఇరుకు చదివితే తెలియదు, చేత్తో సర్దితేనే తెలుస్తుంది. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో బయలుదేరింది ఇలాంటి గదిలోనే.

ఇంత ఇరుకు ఎందుకు? ఏ వ్యోమనౌక పటం చూసినా ముందు అడగవలసింది ఒకటే: ఇందులో తిరిగి వచ్చేది ఎంత? తిరిగి వచ్చే ప్రతి కిలోనూ ఉష్ణకవచం కాపాడాలి, పారాచూట్ మోయాలి. అలిపిరి మెట్లెక్కేవారు సంచులు కిందనే అప్పగించి, ఒంటి బరువుతో నడుస్తారు కదా! సోయుజ్ కూడా కాళ్లు చాపుకొనే చోటును, మరుగుదొడ్డిని కక్ష్యా మాడ్యూల్‌లో పెట్టుకుంటుంది. భూమికి సుమారు 140 కిలోమీటర్ల ఎత్తున మూడు భాగాలూ విడిపోతాయి. నడిమిది తప్ప మిగతావి వాతావరణంలో కాలిపోతాయి.

ఆ పొదుపు ఒకసారి ప్రాణాలు తీసింది. 1971లో సోయుజ్ 11 భాగాలు విడిపోతున్నప్పుడు ఒక కవాటం తెరుచుకుని గదిలోని గాలి పోయింది. ముగ్గురూ మరణించారు. గదిలో గాలి పోయినా ఒంటిని కాపాడే పీడన సూట్లు వేసుకుంటే ముగ్గురికి చోటు చాలదని, సూట్లు లేకుండానే పంపారు. ఆ తర్వాత సూట్లతో ఇద్దరినే పంపుతూ వచ్చారు. 1980లో సోయుజ్-టి వచ్చాకే సూట్లతో ముగ్గురు కూర్చోగలిగారు. మీ అట్ట మనుషులకు గుడ్డ చుట్టి మళ్లీ సర్దండి.

గరిమనాభిని, అంటే గది బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువును, ఎర్ర పెన్సిలుతో గుర్తించండి. చాలామంది నడిమి గీత మీదే చుక్క పెడతారు. అది తప్పు, కాస్త పక్కకు జరపాలి. బరువు పక్కకు ఉండబట్టే గంట ఒరిగి దిగుతుంది, గాలి దాన్ని కొంత పైకెత్తుతుంది. అప్పుడు ఒంటిపై పడే భారం భూమిమీది బరువుకు నాలుగైదు రెట్లే. ఆ ఎత్తుబలం లేకుండా దిగితే ఎనిమిది, తొమ్మిది రెట్లు.

చివరగా, గంట అడుగుకు 4 సెంటీమీటర్ల కింద నేల గీయండి. సరిగ్గా అక్కడ, అంటే 80 సెంటీమీటర్ల ఎత్తున, చిన్న రాకెట్లు మండి దెబ్బను తగ్గిస్తాయి. అవి అడుగున ఉంటాయి కాబట్టి అంతకుముందే ఉష్ణకవచం ఊడిపోవాలి.

ఇంటిపని: శ్రీహరికోట నుంచి వెళ్లే మన గగన్‌యాన్‌కు రెండే భాగాలు, క్రూ మాడ్యూల్, సర్వీస్ మాడ్యూల్. అది సముద్రంలో దిగుతుంది. ఉండే గదీ తిరిగి వచ్చే గదీ ఒకటే అయినప్పుడు గంట అడుగు ఎలా మారాలో గీసి ఉంచండి. 4వ పాఠం ఆ పటంతోనే మొదలవుతుంది.