డీటీపీ షాపులో విండోస్ నుంచి లినక్స్ మింట్‌కు మారే పద్ధతి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. మా అనంతపురం సుభాష్ రోడ్డు చుట్టుపక్కల డీటీపీ, జిరాక్స్ షాపుల్లో చాలావరకు సెకండ్‌హ్యాండ్ సిస్టమ్‌లే. నాలుగో జనరేషన్, ఆరో జనరేషన్. అవి ఇంకా గట్టిగానే ఉన్నాయి. వాటిని తుక్కుకు వేయొద్దని తోటి షాపులవాళ్లకు చెబుతూనే ఉన్నాను. నా షాపులో టైపింగ్ సిస్టమ్‌లన్నీ విండోస్‌కు బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ మీదే నడుస్తున్నాయి. డబ్బు కట్టే పని లేదు, 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు.

అయితే అన్ని పనులూ దీంట్లో జరగవు. ట్యాలీ, ఫొటోషాప్, పేజ్‌మేకర్ నేరుగా నడవవు. వేలిముద్ర మిషన్ పెట్టి ఆధార్ మీద డబ్బులు తీసిచ్చే పని ఉంటే దానికి విండోస్ 11 నడిచే సిస్టమ్ ఒకటి విడిగా పెట్టుకోండి. డబ్బుల వ్యవహారం, అప్‌డేట్లు రాని విండోస్‌లో చేయకూడదు. ప్రింటర్ సంగతి కూడా ముందే చూడాలి. మన షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 వైరు గుచ్చగానే పనిచేయదు. అది క్యాప్ట్ అనే వేరే పద్ధతిలో నడుస్తుంది, లినక్స్‌లో దాని డ్రైవర్‌తో కుస్తీ పట్టాలి. నా సలహా, దాన్ని విండోస్ సిస్టమ్‌కే ఉంచేసి మింట్‌లో చేసిన పీడీఎఫ్‌ను అక్కడ ప్రింట్ తీసుకోండి. హెచ్‌పీ లేజర్‌జెట్‌లతో ఇంత బాధ లేదు. 1020 లాంటి వాటికి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఒక ప్లగిన్ వేయాలి, అంతే.

ఇక అసలు పని. ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని, పాత తెలుగు ఫైళ్లను బయటికి తెచ్చుకోవడమే పెద్ద పని. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు. ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లు, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో పెళ్లికార్డు తెరిస్తే ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు వరసగా కనిపిస్తాయి. అందుకే విండోస్ ఇంకా చేతిలో ఉన్నప్పుడే ఫైళ్లను రెండు కుప్పలు చేయండి. మళ్లీ మార్చాల్సిన పని లేనివన్నీ పీడీఎఫ్ చేసేయండి, ఫాంటు అందులోనే ఉండిపోతుంది కాబట్టి ఎక్కడైనా ప్రింటవుతుంది. మళ్లీ మళ్లీ వాడే నమూనాలు, అంటే అఫిడవిట్లు, అద్దె అగ్రిమెంట్లు, కార్డు మ్యాటర్లు, వీటిని అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి మార్చుకోండి.

మార్చాక కన్వర్టర్‌ను నమ్మి వదిలేయకండి. లక్ష్మి, జ్ఞానేశ్వర్, సుబ్రహ్మణ్యం లాంటి పేర్లలో ఒత్తులు నిలబడ్డాయో లేదో ఒక్కో పేరూ చూడండి. ఒకరు పాత ప్రింటు పైకి చదువుతుంటే ఇంకొకరు స్క్రీన్ మీద సరిచూడటం మంచిది. సర్వే నంబర్లు, ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు రెండోసారి కూడా చూడండి. అగ్రిమెంటులో ఒక్క అక్షరం తేడా వస్తే తిరగాల్సింది పాపం కస్టమరే.

ఇప్పుడు ఇన్‌స్టాల్. మింట్ అధికారిక సైట్‌లోనే ఇన్‌స్టాల్‌కు వాడే ఐఎస్‌ఓ ఫైల్ దించుకోండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. పాత సిస్టమ్‌లకు ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలిగ్గా ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి పోతాయి, జాగ్రత్త. సిస్టమ్ ఆన్ అవుతుండగా డెల్, లెనోవోలకు సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9 నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండానే మింట్ తెరుచుకుంటుంది. వైఫై, సౌండు, ప్రింటరు అన్నీ అక్కడే చూసుకోండి.

డెస్క్‌టాప్ అయితే నేను చెప్పే దారి ఒకటే. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొత్తది కొనండి, కరెంటు తీసేసి పాత హార్డ్‌డిస్క్ వైర్లు పీకేయండి, ఎస్‌ఎస్‌డీ పెట్టి ‘ఎరేజ్ డిస్క్’ ఎంచుకుని మింట్ వేయండి. పాత డిస్క్‌లో విండోస్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వైరు తగిలించుకోవచ్చు. టెన్షన్ ఉండదు, సిస్టమ్ స్పీడు కూడా బాగా పెరుగుతుంది. ఒకే డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ముందు మొత్తం బ్యాకప్ బయటి డిస్క్‌లోకి తీసి, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకుని, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, ఆ తర్వాతే మొదలుపెట్టండి. యూపీఎస్ లేకుండా, కరెంటు పోయే వేళల్లో ఈ పని పెట్టుకోవద్దు.

టైపింగ్ గురించి మా కుర్రాళ్లు మొదట భయపడ్డారు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్ వేసి, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, లాగౌట్ అయి మళ్లీ రండి. తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌లతో పాటు ఆపిల్ లేఅవుట్ (కీల అమరిక) కూడా ఉంది. అనులో ఆపిల్ అలవాటైన చేతికి ఇది పెద్ద ఊరట. ఫాంట్లకు కొదవ లేదు. పోతన, వేమన సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. హెడ్డింగుకు రామభద్ర, మ్యాటర్‌కు మండలి గూగుల్ ఫాంట్స్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. ఉత్తరాలకు, అగ్రిమెంట్లకు లిబ్రెఆఫీస్ సరిపోతుంది. కార్డులు, కరపత్రాలకు పేజీ డిజైన్ చేసే స్క్రైబస్ వాడండి, కానీ 1.6 లేదా ఆపై వెర్షన్ అయి ఉండాలి, మరీ పాతవాటిలో తెలుగు ఒత్తులు విడిపోతాయి.

అన్నీ కుదిరాక మింట్‌లోనే ఉండే టైమ్‌షిఫ్ట్ తెరిచి వారానికోసారి స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితికి కాపీ) తీసేలా పెట్టండి. ఏ అప్‌డేట్ తేడా చేసినా వెనక్కి వెళ్లొచ్చు. మామూలు సెట్టింగుల్లో అది కాపాడేది సిస్టమ్‌నే, మీ ఫైళ్లను కాదు. కస్టమర్ల ఫైళ్లకు వేరే డిస్క్‌లో బ్యాకప్ ఎప్పటిలాగే తీసుకుంటూ ఉండండి.