కుటుంబ విత్తన సంస్థ చరిత్రను, కట్టడాలను గ్రంథస్థం చేసే విధానం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా విత్తనం పండించి, శుద్ధి చేసి అమ్ముతున్న కుటుంబాలు తమ సంస్థ చరిత్రను రాయించదలచినప్పుడు మూలపురుషుని ఛాయాచిత్రంతో కాక లాట్ రిజిస్టరుతో, అంటే ఒక్కో విడత విత్తనానికి నంబరిచ్చి వివరాలు రాసే పుస్తకంతో, మొదలుపెట్టాలి. ఏ రకాన్ని ఎవరి పొలంలో పండించారో, మొలకశాతం ఎంత వచ్చిందో చెప్పగలిగేది అదొక్కటే.

1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు తర్వాతి కాలానికి లైసెన్సులు, స్టాకు పుస్తకాలు దొరుకుతాయి. అంతకు ముందరి సంగతులకు ఇంటి పద్దులే దిక్కు. వాటిలో ధాన్యం పుట్ల లెక్కన ఉంటే తొందరపడి క్వింటాళ్లలోకి మార్చవద్దు. నేటి నెల్లూరు పుట్టి 850 కిలోలు. పాత పద్దులోని పుట్టి కూడా అంతేనని అనుకోరాదు కనుక మూలంలోని కొలతను ఉన్నదున్నట్లు ఉంచాలి.

అన్నిటికంటే ముఖ్యం, తాము రూపొందించిన సొంత రకాన్ని, ఇతరులు రూపొందించగా తాము పెంచి అమ్మిన రకం నుంచి వేరుచేయడం. బీపీటీ 5204, ఎన్ఎల్ఆర్ 34449 వంటి వరి రకాలు పరిశోధన కేంద్రాల సృష్టి; వాటి విత్తనాన్ని నాణ్యంగా పండించడం గౌరవమే గాని, వాటిని రూపొందించామనడం సరికాదు. సొంత రకమని రాయాలంటే ఏయే మొక్కలను ఎంచి విత్తనం కట్టారో రాసుకున్న ఎంపికల నోటుపుస్తకం చూపాలి. తల్లి మొక్క విలువను దాని సంతానాన్ని విడిగా పండించి తేల్చాలని ఫ్రాన్సులోని విల్మొరాన్ విత్తన కుటుంబానికి చెందిన లూయీ 1856లోనే ప్రకటించారు; ఆ తీరున వంశక్రమం నమోదై ఉందేమో వరుస వరుసా పరిశీలించాలి.

కట్టడాలను విత్తనం నడిచే దారినే కొలవాలి: కళ్లం, జల్లెడ యంత్రం, తూకం, గోదాము. గోదాములో నేల ఎత్తు, గాలి కిటికీలకు కొట్టిన ఎలుక జాలి, బస్తాల కింది చెక్కలు, గోడకూ బస్తాల వరుసకూ మధ్య వదిలిన దారి, వీటన్నిటినీ నక్షాలో చూపాలి. ధ్రువీకృత (సర్టిఫైడ్) వరి విత్తనంలో తేమ 13 శాతం మించరాదు. ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే ఈ తీరప్రాంతంలో ఆ హద్దు దాటకుండా కాపాడేవి ఈ ఏర్పాట్లే. గోడమీది చెమ్మ చారలను సున్నం వేయకముందే ఫొటో తీయాలి. పాత బస్తాలకు మిగిలిన ట్యాగులనూ భద్రపరచాలి: తెలుపు మూల (ఫౌండేషన్) విత్తనానిది, నీలం ధ్రువీకృత విత్తనానిది.

చివరగా పొలంలో కేళీలు, అంటే పంటలో కలిసిన వేరే రకం మొక్కలు, ఏరిన స్త్రీలను కలిసి, వారి సమ్మతితో వారి మాటలను రాసుకొని, ఆయా లాట్ నంబర్ల పక్కన చేర్చాలి.