జ్ఞాపకం జారుతున్నవారితో సంభాషణ – మూడో పాఠం: “ముందు ముందు నాకేమవుతుంది?”

ఎంసీఐ (మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్) అంటే ఏమిటో, ఆ పేరు రోగికి ఎలా చెప్పాలో గత రెండు పాఠాల్లో చూశాం. ఒక్క సంగతి మళ్ళీ గుర్తుచేస్తాను. ఎంసీఐ అన్నప్పుడు జ్ఞాపకశక్తో ఆలోచనాశక్తో వయసును బట్టి ఉండాల్సినదాని కన్నా తగ్గింది, పరీక్షల్లోనూ ఆ తేడా కనబడింది. అయినా ఆ మనిషి తన రోజువారీ పనులు తానే చేసుకోగలుగుతున్నారు. ఈ చివరి ముక్కే దీనికీ, రోజువారీ పనులకు ఇతరుల మీద ఆధారపడేంతగా జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే డిమెన్షియాకూ మధ్య గీత. పేరు విన్న తరువాత రోగి మనసులో మెదిలే మొదటి ప్రశ్నే ఈ పాఠం.

ఆ ప్రశ్న చాలాసార్లు పైకి రాదు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. అరగంట మాట్లాడాను. అతను అడగడం, నేను చెప్పడం. నా కుర్చీ పూర్తిగా అతని వైపే తిరిగి ఉంది. ఆవిడ చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. దాన్ని విప్పుతున్నారు, మళ్ళీ మడుస్తున్నారు. వెళ్ళేటప్పుడు దాన్ని నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. గుండ్రటి అక్షరాలతో మూడు ప్రశ్నలు రాసి ఉన్నాయి. మొదటిది: “నా పిల్లల్ని నేను గుర్తుపట్టలేని రోజు వస్తుందా?” అరగంట మాట్లాడి కూడా ఆ ఒక్కదానికి నేను జవాబు చెప్పలేదు. మర్నాడే ఫోను చేసి ఆవిడను మళ్ళీ పిలిపించాను. అప్పటి నుంచి ఎవరు వెంట వచ్చినా నా కుర్చీ రోగికి ఎదురుగానే ఉంటుంది. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఈ ప్రశ్నకు మన నోట సులువుగా వచ్చే జవాబులు రెండున్నాయి. “వయసు మీద పడ్డాక అందరికీ ఉండేదే, ఏమీ కాదు” అనేది ఒకటి. “ఇది డిమెన్షియాకు మొదటి మెట్టు” అనేది రెండోది. రెండూ తప్పే. మొదటిది విన్న రోగి, తన భయాన్ని ఎవరూ లెక్కచేయలేదనుకుని ఇంటికి వెళతారు. రెండోది విన్నవారు, ఉన్న శక్తి ఉండగానే చేతులు ముడుచుకుని కూర్చుంటారు. రెండోదే ఎక్కువ హాని చేస్తుందని నా అనుభవం.

నిజం ఈ రెండింటికీ మధ్య ఉంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2018లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, 65 ఏళ్ళు దాటి ఎంసీఐ ఉన్నవారిని రెండేళ్ళు గమనిస్తే దాదాపు 15 శాతం మందికి డిమెన్షియా వచ్చింది. అదే వయసులో ఈ సమస్య లేనివారితో పోలిస్తే ఇది మూడు రెట్లకు పైగా ఎక్కువ ముప్పు. ఇంకోవైపు, కొందరు మళ్ళీ మామూలు స్థితికి వస్తారు. చాలామంది ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉంటారు.

శాతాల లెక్క చెవికెక్కదు. మనుషుల లెక్క ఎక్కుతుంది. కాబట్టి ముందు అనుమతి అడగండి: “ముందు ముందు ఎలా ఉండవచ్చో ఇప్పుడే చెప్పమంటారా? ఇంకోసారి మాట్లాడుకుందామా?” చెప్పమంటే ఇలా చెప్పవచ్చు: “మీలాంటివారు వందమంది ఉన్నారనుకుందాం. రెండేళ్ళలో వాళ్ళలో దాదాపు పదిహేనుమందికి ఇది డిమెన్షియాగా మారుతుంది. మిగతా ఎనభై అయిదుగురికి ఆ రెండేళ్ళలో మారదు. మీరు ఎటువైపు ఉంటారో ఈ రోజు ఎవరమూ చెప్పలేం. అందుకే ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ పరీక్ష చేస్తాం.”

తరువాత ఆగండి. మౌనం బరువుగా అనిపించి మనమే ఏదో ఒకటి మాట్లాడేస్తాం. రోగి తన మాట వెతుక్కునే సమయం అది, దాన్ని లాక్కోకండి. కొడుకో కూతురో అందుకుని జవాబివ్వబోతే నెమ్మదిగా ఆపండి: “మీరు చెప్పేదీ వింటాను. ముందు అమ్మగారి మాట విందాం.”

ఒక్కో విషయానికి ఒక్కో వాక్యం చాలు. ముఖ్యమైనవి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చేతికివ్వండి. జ్ఞాపకం జారుతుందని వచ్చిన మనిషిని నోటిమాటతో పంపేయడం అన్యాయం. చివర్లో “అర్థమైందా?” అనకండి, దానికి అందరూ తలే ఊపుతారు. “ఇంటికి వెళ్ళాక మీ వాళ్ళడిగితే ఏమని చెబుతారు? నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను” అనండి. తప్పుగా చెబితే ఆ తప్పు మన వివరణది.

అప్పుడే “నేనేం చేయాలి?” అనే ప్రశ్న వస్తుంది. బి12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు, నిద్రలో శ్వాస ఆగడం, నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు కూడా జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి కనుక వాటిని డాక్టరు చూశారో లేదో కనుక్కోండి. వినికిడి తగ్గిందేమో, రక్తపోటు అదుపులో ఉందో లేదో అడగండి. వారానికి రెండుసార్లు వ్యాయామం చేయమని పైన చెప్పిన 2018 మార్గదర్శకాలే చెబుతున్నాయి. వీటి గురించి విడిగా ఒక పాఠమే ఉంది.

ఈ వారం అభ్యాసం: తోటి ఉద్యోగులిద్దరిని రోగిగా, కొడుకుగా కూర్చోబెట్టండి. కొడుకు పాత్ర వేసినవారు కావాలనే అడ్డుపడాలి. వందమంది లెక్క మీ సొంత మాటల్లో చెప్పి, ఫోనులో రికార్డు చేయండి. తరువాత విని రెండు విషయాలు రాసుకోండి: లెక్క చెప్పాక ఎన్ని సెకన్లు మౌనంగా ఉండగలిగారు, రోగి పాత్రధారి ఎన్ని వాక్యాలు పూర్తిగా మాట్లాడగలిగారు. ఆ కాగితం దాచుకోండి. డబ్బు, ఆస్తి, వాహనం నడపడం గురించి రోగితో మాట్లాడే నాలుగో పాఠంలో దానితో పని ఉంది.