గెనీజా చెల్లింపు చీటీని చదవడం ఎలా

పాత కైరోలోని ఫుస్తాత్‌లో, బెన్ ఎజ్రా యూదుల ప్రార్థనా మందిరపు గెనీజా గదిలో, దేవుని పేరున్న కాగితాన్ని పారవేయరాదన్న ఆచారం వల్ల శతాబ్దాల పాటు పోగైన పత్రాలలో చాలా భాగాన్ని 1896-97లో పండితుడు సాలమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి తరలించారు. వాటిలో ఫలానావారికి ఇంత సొమ్ము ఇవ్వమని వర్తకులు రాసిన చిన్న చెల్లింపు చీటీలు కూడా ఉన్నాయి. వీటిని చదవదలచినవారు ముందుగా మొత్తాన్ని చూడకుండా, ఎవరు ఎవరికి బాకీ అన్నదాన్ని చూడాలని నా సలహా, ఎందుకంటే ఆ కాగితానికి విలువ తెచ్చింది ఆ ఇద్దరి నడుమ ఉన్న పరపతే.

లిపి హీబ్రూ అయినా, భాష చాలా వరకు అరబ్బీయే. కాబట్టి హీబ్రూ నిఘంటువు ఒక్కటే దగ్గర పెట్టుకుంటే పని జరగదు. సుమారు 1140 ప్రాంతంలో అబూ జిక్రీ కోహెన్ అనే వర్తకుడు అబూ అల్‌ఖైర్ ఖియార్‌కు రాసిన చీటీలు మొదలుపెట్టడానికి చక్కగా పనికివస్తాయి. చెల్లించవలసినవారి పేరు, సొమ్ము అందుకొనేవారి పేరు, మొత్తం, తేదీ అన్న నాలుగింటిని వెతకండి. సొమ్ము అందుకొనేవారి పేరుకు బదులు ‘దీన్ని తెచ్చినవారికి’ అన్న అర్థమిచ్చే అరబ్బీ మాట కనిపిస్తే, అది చేతులు మారడానికి వీలున్న చీటీ అన్నమాట. మొత్తం బంగారు దీనార్లలోనో వెండి దిర్హములలోనో ఉంటుంది; దీనారులో 24వ వంతు కీరాత్.

తేదీ దగ్గర తొందరపడకండి. సంవత్సరాన్ని హీబ్రూ అక్షరాలతోనే రాస్తారు: అలెఫ్, తావ్, నూన్, అలెఫ్ అని వరుసగా ఉంటే 1000, 400, 50, 1 కలిపి 1451 అవుతుంది. ఇది క్రీ.పూ. 312లో మొదలైన సెల్యూకిడ్ శకం, యూదులు పత్రాల లెక్క అని పిలిచినది. కొత్త సంవత్సరం శరదృతువులో తిష్రీ నెలతో మొదలవుతుంది కనుక, క్రీస్తు శకంలోకి మార్చడానికి, డిసెంబరు ఆఖరులోపు తేదీ అయితే 312, ఆ తరువాతిదైతే 311 తీసివేయాలి. ఆ లెక్కన 1451లోని నీసాన్ నెల అంటే 1140 వసంతం.

తరువాత ఊరు చూడండి. ఒకే ఊరిలో చెల్లేది మామూలు చీటీ. వేరే నగరంలో చెల్లించమని రాసినది సుఫ్తజా. ముద్ర గుర్తును నమ్మి ఒకరి సొమ్మును మధ్యవర్తి చేతికి పంపరాదన్న, యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తల్ముద్‌లోని నియమం సుఫ్తజాకు అడ్డు వచ్చింది. అయినా జనం దాన్ని వాడుతున్నారు గనుక, అంగీకరించకపోతే వ్యాపారమే నిలిచిపోతుందన్న కారణంతో గెయోనిములు, అంటే ఇరాక్ యూదు విద్యాపీఠాల అధిపతులు, న్యాయవిచారణలో దానికి చోటిచ్చారు. శాస్త్రం అంగడికి దారి ఇచ్చిన ఈ తీర్పు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

దీన్ని ఈనాటి చెక్కుతో సమానమని తేల్చేయకండి. చెల్లించవలసిన మనిషి దగ్గర రాసినవాడి సొమ్ము జమ ఉండిందా, లేక తరువాత తీర్చుకునే ఒప్పందం మీద ఆయన తన చేతి సొమ్ము ఇచ్చాడా అన్నది ఒక్క చీటీతో తెలియకపోవచ్చు. అందుకే ఒకే వ్యక్తి రాసినవాటిని తేదీల వారీగా పేర్చి, ఎవరి పేరు మళ్ళీ మళ్ళీ వస్తోందో గమనించండి, చీటీ వెనకవైపున లెక్కలేమైనా ఉన్నాయేమో తిప్పి చూడండి.