డివిడెండ్ చరిత్ర చూసే ముందు జాగ్రత్తలు

రాయగడ, పర్లాకిమిడిలలో పింఛనుకు తోడుగా ఉంటుందని సరుకు రవాణా కంపెనీల షేర్లు కొనే మన పెద్దలు ముందుగా ఇవి చూసుకోవాలి.

• డివిడెండ్, అంటే కంపెనీ వాటాదారులకు పంచే డబ్బు, ఎంత శాతమో చూసి మురిసిపోకండి. అది మార్కెట్ ధరపై కాదు, ముఖ విలువపై (షేరుకు కంపెనీ పెట్టిన మూల విలువపై) లెక్క. 5 రూపాయల ముఖ విలువకు 200 శాతమంటే చేతికందేది 10 రూపాయలే. షేరును 600కు కొంటే రాబడి రెండు శాతమైనా లేదు!

• పాత అంకెలను షేర్ల విభజనకు, బోనస్‌ (ఉచితంగా ఇచ్చే అదనపు) షేర్లకు సరిచేశాకే పోల్చండి. కంటైనర్ల రవాణా కంపెనీ కాంకర్ 2018లో 10 రూపాయల ముఖ విలువ ఉన్న షేరును రెండుగా విడదీసింది. అది గమనించకపోతే డివిడెండ్ పడిపోయిందని పొరబడతారు.

• ఎప్పుడో ఒకసారి ఇచ్చే ప్రత్యేక డివిడెండ్‌ను విడిగా రాసుకోండి.

• లాభం తగ్గిన ఏడాదీ పంచితే, ఆ డబ్బు ఎక్కడిదో నగదు ప్రవాహ పట్టికలో వెతకండి. వ్యాగన్లకు, గిడ్డంగులకు పెట్టుబడి ఆగని వ్యాపారమిది. అప్పు తెచ్చి పంచే కంపెనీని నేనైతే నమ్మను.

• 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్‌పై పన్ను భారం వాటాదారుదే. అది తీసేశాకే రాబడి లెక్కించండి.